జాజ్ ఉంది కాబట్టే బాగుందా?

"ఏందిరా, చెవులల్ల మిల్లు పెట్టుకున్నవా?" అని మా అమ్మ అడిగిన ఆల్బమ్ పేరు 'ఫోకస్'. సినిక్ అనే అమెరికన్ బ్యాండ్ 1993 సెప్టెంబర్‌లో విడుదల చేసింది. ఎనిమిది పాటలు, అన్నీ కలిపి 36 నిమిషాలకు కాస్త అటూ ఇటూ. జాజ్ కలిసిన మెటల్ గురించి ఎవరు ఎక్కడ మాట్లాడినా ఈ పేరు రాకుండా ఉండదు. నేను కూడా పదేళ్లపాటు దీని గురించి దొరికిన ప్రతివాడి దగ్గరా మాట్లాడాను. చాలావరకు తప్పే మాట్లాడాను. ఆ తప్పేంటో రాయాలనే ఇది మొదలుపెట్టాను.

మా అమ్మ మాటలో ఉపమాలంకారమేమీ లేదు. మాది నేరేడుచర్ల. సాగర్ ఎడమకాలువ నీళ్లు, వరిపొలాలు, మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే రోడ్డు, ఆ రోడ్డుకు అటూ ఇటూ రైసుమిల్లులు. సీజన్‌లో మిల్లు చప్పుడు రాత్రంతా వింటూనే నిద్రపోతాం. ఆగితే మెలకువొస్తుంది. చిన్నప్పుడు మా ఇంటి దగ్గరున్న పాత మిల్లులో పొడుగు బెల్టులు తిరిగేవి. బెల్టుకు అతుకు వేసిన చోట కప్పీ మీదికి రాగానే 'టప్' మని కొట్టేది. పొడుగు బెల్టు నిదానంగా, పొట్టి బెల్టు తొందరగా. రెండు టప్పులూ ఒకచోట కలిసి, మెల్లగా విడిపోయి, ఎక్కడెక్కడో తిరిగి మళ్లీ ఒకచోట కలిసేవి. ఎప్పుడు కలుస్తాయా అని లెక్కపెట్టుకుంటూ గోడ మీద కూర్చునేవాణ్ణి. పాలీరిథమ్ అన్న మాట నాకు హైదరాబాద్ హాస్టల్లో తెలిసింది గానీ సంగతి మాత్రం ఆ గోడ మీదే తెలుసు.

హాస్టల్లోనే 'ఫోకస్' కూడా దొరికింది. 2011. సీనియర్ ఒకన్న హార్డ్‌డిస్క్‌లో మూడొందల జీబీ సంగీతం ఉండేది, ఫోల్డర్ల పేర్లన్నీ అక్షరక్రమంలో. 'ఇది మెటలే గాని జాజ్ రా, విను' అన్నాడు. ఆ ఒక్క వాక్యం నా చెవిని చాలాకాలం పాడుచేసిందని ఇప్పుడనిపిస్తుంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. తొంభైల మొదట్లో ఫ్లోరిడా రాష్ట్రం డెత్ మెటల్‌కు పుట్టిల్లు. టాంపా ఊళ్లో మోరిసౌండ్ అనే స్టూడియో, అందులో స్కాట్ బర్న్స్ అనే ప్రొడ్యూసర్. ఆ రోజుల్లో పేరున్న డెత్ మెటల్ రికార్డులు చాలా ఆ గదుల్లోంచే, ఆయన చేతిమీదుగానే వచ్చాయి. సినిక్ వాళ్లు మయామీ కుర్రాళ్లు. గిటారిస్టు, గాయకుడు పాల్ మాస్విడాల్. డ్రమ్మర్ షాన్ రైనర్ట్. ఇంకో గిటారిస్టు జేసన్ గోబెల్. మాస్విడాల్, రైనర్ట్ ఇద్దరూ 1991లో డెత్ బ్యాండ్ 'హ్యూమన్' ఆల్బమ్‌లో వాయించారు. అప్పటికి ఇద్దరికీ ఇరవయ్యేళ్లు. ఆ ఆల్బమ్‌లో రైనర్ట్ డ్రమ్స్ విని మిగతా డ్రమ్మర్లు తమ సరంజామా సర్దుకున్నారని మెటల్ జనం సరదాగా అనుకుంటారు. 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను వచ్చి గోబెల్ ఇంటినీ, వీళ్లు రిహార్సల్ చేసుకునే చోటునీ తుడిచిపెట్టింది. ఆల్బమ్ వెనక్కి పోయింది. చివరికి రికార్డింగ్ సమయానికి షాన్ మలోన్ అనే బేస్ ప్లేయర్ వచ్చి చేరాడు. ఫ్రెట్‌లు లేని బేస్, చాప్‌మన్ స్టిక్ అనే తట్టి వాయించే వింత వాద్యం అతని సరుకు. తర్వాతి కాలంలో జాకో పాస్టోరియస్ సోలోలను స్వరపరిచి పుస్తకం వేసిన మనిషి.

ఇంకొక విషయం. మాస్విడాల్‌కు గ్రౌల్ చేస్తే, అంటే డెత్ మెటల్లో కడుపులోంచి తెచ్చే ఆ బొంగురు అరుపు అరిస్తే, గొంతు పోతుందన్న భయం పట్టుకుంది. అందుకని గ్రౌల్ పని టోనీ టీగార్డెన్‌కు అప్పజెప్పి, తను మామూలు గొంతుతో పాడి, దాన్ని వొకోడర్ గుండా పంపించాడు. మనిషి గొంతు యంత్రం స్వరాల్లోంచి బయటికొస్తుంది. రైల్వేస్టేషన్ అనౌన్స్‌మెంట్ ఒకటి రాగం ఎత్తుకున్నట్టు. డెత్ మెటల్ అభిమానులకు ఇది అపచారం. 1994లో కానిబల్ కార్ప్స్‌తో కలిసి టూర్‌కి వెళ్తే చాలాచోట్ల జనం వీళ్లను చూసి తిట్టారు. ఆ సంవత్సరమే బ్యాండ్ విడిపోయింది.

ఇక పాటలు. 'వీల్ ఆఫ్ మాయా'తో మొదలవుతుంది. పేరు చూడగానే మనకు నవ్వొస్తుంది, మాయతెర అని. రిఫ్ అంటే పాటలో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న గిటార్ వాక్యం, మాటల్లేని పల్లవి అనుకోండి. ఇక్కడ రిఫ్‌లు కుదురుగా నిలబడవు. నాలుగు లెక్కపెడదామని కూర్చుంటే కాలు తప్పుతుంది. పైన వొకోడర్ గొంతు నిదానంగా తేలుతుంటే, కింద గ్రౌల్ తొందరపడుతుంటుంది. 'సెలెస్టియల్ వాయేజ్', 'ది ఈగిల్ నేచర్' ఆ ధోరణిలోనే సాగుతాయి. 'సెంటిమెంట్'లో కాస్త ఊపిరి తీసుకోనిస్తారు. 'యురోబోరిక్ ఫార్మ్స్' వీళ్ల డెమో రోజుల నాటి పాట, ఆల్బమ్ మొత్తంలో నిఖార్సైన డెత్ మెటల్ అదే. దాని వెనకే 'టెక్స్చర్స్' వస్తుంది. మాటలుండవు. గిటార్లు మెత్తబడతాయి, బేస్ ముందుకొస్తుంది, డ్రమ్స్ గుసగుసలాడతాయి. ఎవరికి వినిపించినా 'ఇది జాజ్ కదా' అంటారు. చివర్లో 'హౌ కుడ్ ఐ'.

ఈ ఎనిమిదిలోంచి 'టెక్స్చర్స్' ఒక్కదాన్నే నేను ఆయుధంలా వాడుకునేవాణ్ణి. రూమ్మేట్లకు, ఆఫీసులో టీ దగ్గర, ఒకసారి పుస్తకాల షాపులో పరిచయమైన కవి ఒకాయనకు, ఒకసారి పెళ్లిచూపుల్లో కూడా (సంబంధం కుదర్లేదు, కారణం ఇది కాదనుకుంటా). 'మెటల్ అంటే లొల్లి అనుకుంటారు కదా, ఇది వినండి' అనేవాణ్ణి. వాళ్లు తల ఊపేవారు. 'బాగుందే, ప్లెజెంట్‌గా ఉంది' అనేవారు. నేను గెలిచినట్టు ఉండేది. ఆ ఆల్బమ్‌లో మిగతా ఏడు పాటలూ వినమని ఎవరికీ చెప్పలేదు.

2020 డిసెంబర్లో ఇది తిరగబడింది. ఆ ఏడంతా ఇంటి నుంచే పని, నేరేడుచర్లలోనే ఉన్నాను. జనవరిలో షాన్ రైనర్ట్ చనిపోయాడు. డిసెంబర్లో షాన్ మలోన్. ఒకే ఏడాదిలో ఆ ఆల్బమ్ కాళ్లు రెండూ పోయినట్టయింది. మలోన్ వార్త చదివిన వారంలోనే మా వీధిలో ఒక పెళ్లి. కరోనా వల్ల జనం తక్కువ, డప్పులు మాత్రం ఉన్నాయి. కొట్టేవాళ్లలో ఒకడు బడిలో నాతోటి చదివినోడు. మామూలు రోజుల్లో ఆటో నడుపుతాడు, పెళ్లిళ్లకీ చావులకీ డప్పు. పందిరి పక్కన చెత్త మంటేసి డప్పులు కాచుకుంటున్నారు. పెళ్లికొడుకు బయల్దేరడానికి ఇంకా టైముంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను, ఇయర్‌ఫోన్ ఒకటి వాడికిచ్చాను. నా అలవాటు ప్రకారం 'టెక్స్చర్స్' పెట్టాను. వాడు కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి చిటికెన పుల్లతో మోకాలి మీద చిన్నగా తట్టడం మొదలుపెట్టాడు.

"మంచిగ కొడుతున్నడు. ఇంగోటి పెట్టు."

ఏది పెట్టాలో తోచక మొదటి పాట పెట్టాను. గ్రౌల్ రాగానే వాడు ఇయర్‌ఫోన్ పీకేస్తాడనుకున్నా. పీకలేదు. ముఖం చిట్లించాడు, విన్నాడు, పాట అయిపోయేదాకా విన్నాడు.

"గీ అరిసెటాయన నాకు నచ్చలే. గని కొట్టెటాయన ఆయనే గద? ఇండ్ల ఇంకా మస్తు కొట్టిండు గదనే. కాళ్లు ఒక మాట మాట్లాడుతున్నయ్, చేతులు ఇంగో మాట. మరి గా మెల్లగున్నదాన్నే ఎందుకు మెచ్చుకుంటున్నవ్?"

నా దగ్గర సమాధానం లేదు. ఏదో చెప్పాను, అది జాజ్ అని, జాజ్ అంటే పెద్ద సంగీతమని, చదువుకుని వాయిస్తారని.

"మా దాన్ని గూడ గట్లనే అంటరు లే" అన్నాడు, మంట మీద డప్పు తిప్పుతూ. "స్టేజి మీద మృదంగం పక్కన కొడితే కళ అంటరు. రోడ్డు మీద కొడితే సౌండ్ తగ్గియ్యమంటరు."

వాడు కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. అప్పుడే ఎవరో కేకేశారు, లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత గంటసేపు వాడు వాయించింది తీన్‌మారే, నేను చిన్నప్పటి నుంచి విన్నదే. కానీ ఆ రోజు సిర్రతో పడే దెబ్బనూ, చిటికెన పుల్లతో పడే దెబ్బనూ విడదీసి వినడానికి ప్రయత్నించాను. సిర్ర నిలబెడుతుంటుంది, పుల్ల దాన్ని తప్పించుకు తిరుగుతుంటుంది. ముప్పై ఏళ్లుగా నా చెవిలో పడుతున్న విషయం.

ఆ రాత్రి 'ఫోకస్' మళ్లీ విన్నాను, ఈసారి రైనర్ట్ ఒక్కణ్ణే పట్టుకుని. వాడు చెప్పింది నిజం. 'టెక్స్చర్స్'లో మనం జాజ్ అని మెచ్చుకునే ఆ సున్నితమైన పని, సింబల్ మీద కుడిచేతి నడక, స్నేర్ మీద వినీ వినపడని చిన్న దెబ్బలు, ఇవన్నీ గట్టి పాటల్లో కూడా ఉన్నాయి. డబుల్ బేస్ డ్రమ్ మోత కింద దాక్కుని ఉన్నాయి, అంతే. నేను వినలేదు. వినకుండానే ఒకదాన్ని సంగీతమనీ ఇంకోదాన్ని దానికి చెల్లించాల్సిన సుంకమనీ తీర్మానించుకున్నాను.

గిటార్ల సంగతీ అంతే. మెటల్ గిటార్ ఎక్కువగా పవర్ కార్డ్‌ల మీద నడుస్తుంది. మన లెక్కలో సా, పా. తంబూరాలో మోగే జంటే. ఎందుకంటే గిటార్ గొంతును డిస్టార్షన్‌తో బొంగురు చేసినప్పుడు సా, పా రెండే శుభ్రంగా నిలుస్తాయి. వాటిమధ్య ఇంకో రెండు మూడు స్వరాలు ఇరికిస్తే అంతా బురద. జాజ్ కార్డ్‌లలో నాలుగైదు స్వరాలుంటాయి, వాటి అందమంతా ఆ ఇరుకులోనే ఉంది. అంటే ఈ రెంటినీ కలపడమంటే, అన్నంలో పప్పు కలిపినంత తేలిక కాదు. ఒకదాని స్వభావం ఇంకోదాన్ని పాడుచేస్తుంది. 'ఫోకస్'లో చాలాచోట్ల ఒక గిటార్ బొంగురుగా రిఫ్ పట్టుకుంటే రెండోది శుభ్రమైన గొంతుతో మిగతా స్వరాలను విడివిడిగా రాలుస్తుంది. లేదా గిటార్ సింథ్ వచ్చి ఆ స్వరాలను పైన పరుస్తుంది. మలోన్ ఫ్రెట్‌లెస్ బేస్ వాటి మధ్య జారుతూ తిరుగుతుంది, మన గమకం జారినట్టు. ఇది మెటల్ లోపల పుట్టిన సమస్యకు మెటల్ వాళ్లు వెతుక్కున్న దారి. జాజ్‌ను అప్పు తెచ్చి పైన అద్దిన మెరుగు అనుకుంటే ఈ శ్రమంతా కనిపించదు.

ఇంతకీ జాజ్ ఎప్పటి నుంచి పెద్దమనిషి అయింది? న్యూ ఆర్లీన్స్ నల్లవాళ్ల వీధుల్లోంచి, ఊరేగింపుల్లోంచి వచ్చిన సంగీతమది. శవయాత్రకు వాయించేవాళ్లు, తిరిగొచ్చేటప్పుడు ఆడిపాడేవాళ్లు. 1921లో లేడీస్ హోమ్ జర్నల్ అనే పెద్దింటి పత్రికలో ఒక వ్యాసం వచ్చింది, జాజ్ లయలో పాపం ఉందా అని అడుగుతూ. ఆ రచయిత్రి అభిప్రాయం ఉందనే. ఆ తర్వాత ఒకటి రెండు తరాలకు అదే జాజ్ యూనివర్సిటీల్లో సిలబస్ అయింది, సూటూబూటూ వేసుకుని కూర్చుని వినేదైంది. ఇప్పుడు మెటల్ లాంటి కొత్త లొల్లికి క్యారెక్టర్ సర్టిఫికెట్ ఇవ్వడానికి జాజ్‌ను గెజిటెడ్ ఆఫీసర్‌ను చేశాం. గ్రీన్ ఇంకుతో సంతకం పెడితే గానీ మెటల్‌ను లోపలికి రానివ్వం.

మనకిది కొత్త కాదు. మన పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్ చిన్నవయసులోనే ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతంలోకి వచ్చినప్పుడు, అసలది కచేరీ వాద్యమేనా అని పెద్దలు సందేహపడ్డారు. తర్వాత ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అదే శ్రీనివాస్ జాన్ మెక్‌లాగ్లిన్ పక్కన 'రిమెంబర్ శక్తి'లో కూర్చున్నాడు. మెక్‌లాగ్లిన్ ఎవరు? మైల్స్ డేవిస్ ట్రంపెట్‌ను కరెంటు వాద్యాల మధ్యకు తెచ్చిన 'బిచెస్ బ్రూ'లో గిటార్ వాయించినవాడు, 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి గిటార్‌ను చెవులు చిల్లులు పడేంత గట్టిగా, లెక్క తప్పేంత వేగంగా పరిగెత్తించినవాడు. గట్టి గిటార్, జాజ్, బేసి తాళాలు. ఫ్లోరిడా కుర్రాళ్లకు ఇరవై ఏళ్ల ముందే ఆ దారి పడింది, ఆ దారి ఒక కొస మన పాలకొల్లు దాకా వచ్చింది. మాకు ఏడు లెక్కల మిశ్రచాపూ, ఐదు లెక్కల ఖండచాపూ తెలుసునని గొప్పలు పోయే మనం, అదే ఏడు, అదే ఐదు డిస్టార్షన్‌లోంచి వస్తే మాత్రం 'ఏందా లొల్లి' అంటాం. (మా అమ్మను అనట్లేదు. ఆమె మిల్లును మెచ్చుకోదు, తిట్టదు కూడా.)

దండోరా వచ్చాక, 1994 తర్వాత, డప్పు ఒక ఆత్మగౌరవం గుర్తుగా మారింది. పాటలో, కవిత్వంలో, సభలో ముందుకొచ్చి నిలబడింది. అది ఎవరి సర్టిఫికెట్‌తోనో వచ్చింది కాదు. అయినా మా వీధి పెళ్లిలో సౌండ్ తగ్గించమనే మాట ఇప్పటికీ వినబడుతుంది. మెటల్‌కు ఈ గతి పట్టిందని నేను ఏడవడం లేదు. మెటల్ వినేవాడు ఎక్కువగా నాలాంటి ఇంగ్లిష్ వచ్చిన, ఇయర్‌ఫోన్ కొనుక్కోగలిగిన పట్నపు మనిషి, వాడి కష్టం ఇంకో డప్పు మనిషి కష్టంతో సమానం అనడం బేవార్స్ మాట. నేనంటున్నది చెవి గురించి. ఒకే చెవి రెండుచోట్లా ఒకే తప్పు చేస్తోంది. చప్పుడులోపల ఉన్న తెలివిని చప్పుడుతో సహా వినకుండా, చప్పుడు తగ్గాక మాత్రమే గుర్తిస్తోంది.

అలాగని 'ఫోకస్' లోపాలు లేనిదని కాదు. టీగార్డెన్ గ్రౌల్ నాకు ఇప్పటికీ నచ్చదు. మా దోస్తు మాటే నా మాట. కొన్నిచోట్ల అది డెత్ మెటల్ అభిమానులు కొట్టకుండా పెట్టుకున్న కాపలా లాగా ఉంటుంది తప్ప పాటకు కావలసింది లాగా ఉండదు. వాళ్లే 2008లో 'ట్రేస్డ్ ఇన్ ఎయిర్'తో తిరిగొచ్చినప్పుడు గ్రౌల్‌ను బాగా తగ్గించారంటే వాళ్లకూ ఆ సంగతి తెలుసనే అర్థం. ఇక మాటలు. మాయతెర, కెరటం, సముద్రం. 'ఐయామ్ బట్ ఎ వేవ్ టు' అని ఒక పాట పేరే. మనకు ఇది క్యాలెండర్ వేదాంతం, బస్సు వెనకాల రాసుకునే తత్వం. మొదట్లో విన్నప్పుడు నాకు చికాకేసేది, మన సరుకు మనకే అమ్ముతున్నారని.

ఆ చికాకు 2014లో తగ్గింది. ఆ ఏడాది మేలో మాస్విడాల్, రైనర్ట్ ఇద్దరూ తాము గే అని లాస్ ఏంజిలస్ టైమ్స్‌కు చెప్పారు. మెటల్ ప్రపంచంలో, అందులోనూ మగతనం మీదే నడిచే డెత్ మెటల్ ప్రపంచంలో, నలభై మూడేళ్ల వయసుకొచ్చాక. అంటే 1993లో ఆ పాటలు రాసుకుంటున్న ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు కానిబల్ కార్ప్స్ అభిమానుల ముందు నిలబడి, తమ గొంతును యంత్రంలోంచి పంపిస్తూ, ఈ శరీరం నేను కాదు, ఈ పేరు నేను కాదు అంటున్నారన్నమాట. అది వాళ్ల ఉద్దేశమని నేననను. పాటను రాసినవాడి జీవితానికి కట్టేసి చదవడం నాకు ఇష్టముండదు, మన సాహిత్య విమర్శలో అది చాలా జరిగింది, చాలా నష్టమే చేసింది. కానీ ఒకసారి తెలిశాక వినకుండా ఎలా ఉంటాం? మాయతెర అన్న మాట అప్పటి నుంచీ బస్సు వెనకాలి మాటలా వినబడటం లేదు. వొకోడర్ కూడా. ముందు నాకు అది ఆ కాలపు ఫ్యాషన్, పాతబడిన టెక్నాలజీ. ఇప్పుడు ఒక మనిషి తన గొంతును ఎంత దూరం నుంచి పంపిస్తే భద్రమో చూసుకుంటున్నట్టు ఉంటుంది. దానికి పక్కనే, అతనికంటే గట్టిగా, వేరేవాడి గొంతు మగాడిలా అరుస్తుంటుంది. కాపలా అన్నాను కదా ఇందాక. ఆ మాట సరైందో కాదో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

2015లో మాస్విడాల్, రైనర్ట్ పేచీపడి విడిపోయారు. మళ్లీ కలవలేదు. ఆ ఇద్దరు షాన్‌లూ పోయాక మాస్విడాల్ 2021లో 'ఎసెన్షన్ కోడ్స్' తెచ్చాడు. బేస్ గిటార్ లేదు అందులో, ఆ పనిని కీబోర్డు చేత చేయించాడు. ఆ ఖాళీని ఇంకో బేస్ ప్లేయర్‌తో నింపకపోవడం నాకు మంచిగనిపించింది. డ్రమ్స్ మాత్రం నింపక తప్పదు కదా, మ్యాట్ లించ్ వాయించాడు, బాగా వాయించాడు. అది వేరే వ్యాసం.

మన దగ్గర మెటల్ లేదా అంటే ఉంది. హైదరాబాద్ నుంచే గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండ్ ఉంది, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే పూర్తి ఆల్బమ్ తెచ్చారు. అందులో జాజ్ లేదు, మెత్తదనం లేదు, ఎవరినీ బుజ్జగించే ప్రయత్నం లేదు. నేను దాన్ని ఆలస్యంగా విన్నాను, ఆలస్యానికి కారణం ఈ పైన రాసిన జబ్బే. మా ఊరికి నాలుగు గంటల దూరంలో ఇంత గట్టిగా, ఇంత బిగువుగా వాయించేవాళ్లుంటే, నేను పెళ్లిచూపుల్లో 'టెక్స్చర్స్' వినిపిస్తూ కూర్చున్నాను.

కొత్తగా వినేవాళ్లెవరైనా 'ఫోకస్' ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే ఇప్పుడు 'యురోబోరిక్ ఫార్మ్స్' అంటున్నాను. దాన్ని తట్టుకున్నాక దాని వెనకే 'టెక్స్చర్స్' దానంతటదే వస్తుంది, ఆల్బమ్‌లో ఉన్న వరసే అది. ఆ వరసలో వింటే మోత ఆగిన చోట మెలకువొచ్చినట్టు ఉంటుంది, మిల్లు ఆగినప్పటి మెలకువ. 'హౌ కుడ్ ఐ' మాత్రం అన్నింటికన్నా చివర వినాలి. దాని చివర్లో మాస్విడాల్ గిటార్ సోలో ఒకటి ఎత్తుకుంటాడు. కింద రిఫ్ బరువుగా తిరుగుతుంటే పైన ఆ స్వరాలు దేన్నో పట్టుకోబోయి జారిపోతూ, మళ్లీ ఎగబాకుతూ పోతాయి. అక్కడ ఏది జాజ్, ఏది మెటల్ అని వేలు పెట్టి చూపించమంటే నా వల్ల కాదు. 2011లో అయితే చూపించేవాణ్ణి.

మొన్న దసరాకి ఊరికి పోయినప్పుడు మా దోస్తు ఆటో ఎక్కాను, మిర్యాలగూడ నుంచి ఇంటికి. 2020లో ఆ రెండు పాటలూ వాడి ఫోన్లోకి పంపించాను. ఇంకా ఉన్నాయా అని అడిగాను. ఫోన్ నా చేతికిచ్చి చూస్కో అన్నాడు. 'వీల్ ఆఫ్ మాయా' ఉంది, దరువుల మధ్య, జాన్‌పహాడ్ సైదులు పాటల పక్కన. 'టెక్స్చర్స్' లేదు.

"అది తీసేసిన రా. మెమొరీ సాలలే."